కారు ఫ్యాన్ ఆగిన ఎండాకాలం

ఆ ఎండాకాలం మా అత్తమ్మను మాటిమాటికీ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చేది. గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని డాక్టర్లు చెప్పారు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ముఖానికి సూటిగా గాలి తగిలితే మాత్రం కాస్త తేరుకునేది. అందుకని ఇంట్లో ఆమె మంచానికి ఎదురుగా స్టూలు మీద టేబుల్ ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది. కారులో అయితే ముందు సీట్లో కూర్చోబెట్టి, డాష్‌బోర్డు మీద గాలి వచ్చే జాలీలన్నీ ఆమె ముఖం వైపు తిప్పి తీసుకెళ్లేదాన్ని.

కారు మావారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఆయనా మా బావగారూ కలిసి శాలిబండలో పాల దుకాణం నడుపుతారు. చీకటితో వెళ్తే మళ్లీ భోజనాల వేళకు గానీ ఇంటి ముఖం చూడరు. నేను పంతులమ్మను. బడికి సెలవులు. డ్రైవింగ్ వచ్చిన ఆడమనిషిని ఇంట్లో నేనొక్కదాన్నే. కాబట్టి ఆసుపత్రి పని నా మీద పడింది. పడిందని అంటున్నాను గానీ, నాకు అత్తమ్మ పక్కన ఉండటం ఇష్టమే.

ఒకప్పుడు ఆమె గొంతు గల్లీ ఈ చివర లేస్తే ఆ చివరికి వినిపించేదట. ఇంటి వెనక బర్రెలున్న రోజుల్లో పాలు తానే పోసేది. ఎవరైనా పాలల్లో నీళ్లున్నాయంటే చెంబు ఎత్తి పట్టుకుని, "పానీ కా ఏక్ ఖతరా దిఖావో మా, పూరా దూద్ ముఫ్త్ లే జావో" అని, ఒక్క నీటి చుక్క చూపిస్తే పాలన్నీ ఊరికే ఇస్తానని లొల్లి చేసేది. ఆ గొంతు ఇప్పుడు దారప్పోగంత అయిపోయింది.

కారు ఫ్యాన్ ముందుగానే చెప్పింది. కొన్నాళ్లుగా లోపలి నుంచి టకటకమని చప్పుడు, సైకిల్ చువ్వలకు అట్టముక్క తగులుతున్నట్టు. నేను పట్టించుకోలేదు. ఒక గురువారం మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి తిరిగి వస్తుంటే నయాపూల్ మీద, ముందూ వెనకా బస్సుల మధ్య ఇరుక్కున్నప్పుడు, అది ఉన్నట్టుండి ఆగిపోయింది. బటన్ ఎటు తిప్పినా గాలి లేదు. అద్దాలు దించితే వేడీ, పొగా లోపలికొచ్చాయి. అత్తమ్మ దగ్గడం మొదలుపెట్టింది. నేను ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో ఎక్స్‌రే కవరుతో ఆమెకు విసరడం మొదలుపెట్టాను. పక్కన స్కూటర్ మీదున్న పెద్దాయన అది చూసి, కిటికీలోంచి నీళ్ల సీసా అందించి, "అమ్మా కో పిలావో, బాజీ. రఖ్ లేవ్" అన్నాడు, అమ్మకు తాగించి సీసా ఉంచుకోమని. సీసా తిరిగి ఇచ్చేలోపే ఆయన ముందుకు సాగిపోయాడు.

వంతెన దాటాక ఒక గుంతలో పడి కారు ఎగిరింది. ఆ కుదుపుకు ఫ్యాన్ మళ్లీ తిరిగింది. అత్తమ్మ గట్టిగా ఊపిరి తీసుకుని, "వచ్చింది" అంది. మలుపు తిరిగేలోపే మళ్లీ పోయింది.

మావారు సంగతి విని, "రేపు మెకానిక్‌కు చూపిద్దాం" అన్నారు. రేపు శుక్రవారమని నేనే గుర్తు చేయాల్సి వచ్చింది. పాతబస్తీలో మా వైపు శుక్రవారం వర్క్‌షాపుల షట్టర్లు లేవవు. శనివారం పొద్దున్నే మళ్లీ ఆసుపత్రికి వెళ్లాలి. ఆటోలో ఆమె కూర్చోలేదు. అంతకుముందోసారి ఆ కుదుపులకూ పొగకూ సగం దారిలోనే కళ్లు తేలేసింది.

అందుకని శుక్రవారం పొద్దున్న, మగవాళ్లు దుకాణంలో ఉండగా, ఫోన్‌లో ఒక వీడియో చూసుకుని, స్క్రూడ్రైవర్లు తీసుకుని కారు దగ్గరికి వెళ్లాను. గల్లీ మలుపులో ఒక పాత గోడ పక్కన, బాదం చెట్టు కింద పెడతాం దాన్ని. అత్తమ్మ తానూ వస్తానని పట్టుబట్టింది. గోడ నీడన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టాను.

"ఖరాబ్ జేస్తవ్ బిడ్డా. ఉన్నది గూడ పోతది" అంది.

"ఉన్నదేంది అత్తమ్మా, అది ఎట్లనూ నడుస్తలేదు గదా."

"గదీ నిజమే" అని నవ్వింది.

మొదట ఫ్యూజు చూడమన్నాడు వీడియోలో మనిషి. స్టీరింగ్ కింద చిన్న డబ్బా ఉంది. ఫ్యాన్‌కు సంబంధించిన ఫ్యూజు పీకి ఎండలోకి ఎత్తి చూశాను. లోపలి తీగ తెగలేదు. నమ్మకం చాలక, పక్కనున్న అదే నంబరుది తీసి దాని చోట పెట్టి చూశాను. ఏమీ మారలేదు.

అప్పుడే మేడ మీద నుంచి గొంతు వినిపించింది.

"అత్తమ్మా, లోపల చెయ్యి పెట్టి చూడుమను. గుయ్యిమంటుందా?"

మా యారాలు. బావగారి భార్య, ఈ ఇంటి పెద్దకోడలు. పైవాటాలో ఉంటుంది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. నాకూ ఆమెకూ కొన్నేళ్లుగా మాటల్లేవు. నీళ్ల మోటారు దగ్గర మొదలైన గొడవ అది. నాకు పిల్లల్లేని సంగతి ఎత్తి ఆమె ఒక మాట అంది. తాగి తాగి పోయిన వాళ్ల నాన్న సంగతి ఎత్తి నేనొక మాట అన్నాను. అన్నదమ్ములు మర్నాడు మామూలుగానే దుకాణానికి వెళ్లారు. మేమిద్దరం ఆ రోజు దగ్గరే ఆగిపోయాం.

అయినా ఒకే ఇంట్లో మాట లేకుండా ఎలా కుదురుతుంది? నల్లా వచ్చిందని చెప్పాలి. గ్యాస్ అయిపోయిందని చెప్పాలి. అన్నీ అత్తమ్మ మీదుగా వెళ్లేవి. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి ఆమె మోసేది. మోస్తూ మోస్తూ వాటికి కాస్త చక్కెర కలిపేది. "మెట్లు కడుగుతలేదేందో అడుగు" అని నేనంటే, ఆమె పైకి వెళ్లి, "చెల్లెకు నడుం నొస్తుందట, మెట్లు నువ్వు కడుగుతవా బిడ్డా?" అనేది. ఆమె అలా కలుపుతుందని మా ఇద్దరికీ తెలుసు. పాలల్లో నీళ్లు కలపని మనిషి అబద్ధం మాత్రం ధారాళంగా కలిపేది.

"అక్క అడుగుతుంది" అని అత్తమ్మ నా వైపు తిరిగింది. "లోపల గుయ్యిమంటుందా?"

ముందు సీటు ఎదుట కిందికి దూరి, డాష్‌బోర్డులో సామాను పెట్టుకునే డబ్బాను రెండు పక్కలా నొక్కి కిందికి దించాను. దాని వెనక గుండ్రటి నల్లటి ప్లాస్టిక్ భాగం, అందులో మోటారు. అరచెయ్యి ఆనించాను.

"ఏమంటలేదని చెప్పు" అన్నాను.

అత్తమ్మ తలెత్తి చెప్పింది. అంత చిన్న మాట పైకి విసరడానికే ఆమె కుర్చీ చేతుల్ని పట్టుకోవాల్సి వచ్చింది. అది చూసే కావచ్చు, యారాలు కిందికి వచ్చింది. మెడలో కొలత టేపు అలాగే ఉంది. నా వైపు చూడకుండా అత్తమ్మ పక్కన నిలబడింది.

"అత్తమ్మా, నిన్న గుంతల పడ్డప్పుడు తిరిగిందన్నవ్ గదా. తాళం తిప్పి పెట్టి, దాన్ని మెల్లగ తట్టి చూడుమను."

"తట్టి చూడుమంటుంది బిడ్డా."

స్క్రూడ్రైవర్ పిడితో తట్టాను. ఒకసారి, ఇంకోసారి. లోపల ఏదో కదిలింది. ఫ్యాన్ ఒక్క క్షణం గిర్రున తిరిగి ఆగింది.

"గట్లయితే కార్బన్లే" అంది యారాలు, అత్తమ్మతోనే. "నా మిషన్ మోటరుకు గూడ గిట్లనే అయితది. కరెంట్ వస్తది గని కార్బన్ ముక్క మురికి పట్టి ఇరుక్కుంటే లోపలికి అందది. తట్టితే అందుతది, మళ్ల పోతది. మోటరు కిందికి దించి సాఫ్ చెయ్యాలె. ముందుగాల తాళం బందు చెయ్యుమను. వైరు గుంజొద్దు, క్లిప్పు నొక్కి తియ్యాలె అని చెప్పు."

ఆమె నాకు మూడడుగుల దూరంలో ఉంది. ప్రతి మాటా నాకు వినిపించింది. అయినా నేను అత్తమ్మ ముఖం వైపే చూస్తూ ఉండిపోయాను, ఆ మాట అటు నుంచి రావాలన్నట్టు. అత్తమ్మ కూడా అలవాటుగా మొదలుపెట్టింది.

"అక్క అంటుంది... కార్బన్లట... ముందు తాళం..."

అక్కడ ఊపిరి అందలేదు. నోరు తెరిచింది. మెడ నరాలు లేచాయి. ఇంకో మాట కోసం చెయ్యి గాల్లో ఆడించింది గానీ రాలేదు. నేను కారులోంచి ఎలా బయటపడ్డానో తెలియదు. ఇద్దరం ఒకేసారి ఆమెను పట్టుకున్నాం. నేను వెనక్కి వాల్చబోయాను.

"వెనుకకు వంచకు" అంది యారాలు. "కూసోనియ్యి. ముందుకు వంగనియ్యి."

"పంపు ఇయ్యాల్నా అక్కా?"

"ఇయ్యి, ఇయ్యి. ఏడుంది?"

ఆయాసానికి నోట్లో కొట్టే ఆ పంపు నా జేబులోనే ఉంది. ఆమె అత్తమ్మ గడ్డం పట్టుకుంది, నేను మందు నొక్కాను. తర్వాత ఆమె కొంగుతో విసురుతుంటే నేను వీపు రాశాను. కాసేపటికి పెదవులకు రంగొచ్చింది. అత్తమ్మ కళ్లు తెరిచి మా ఇద్దరినీ చూసింది. చెయ్యి అడ్డంగా ఊపింది.

"మీరే మాట్లాడుకోండ్రి" అంది. "నాతోని గాదు ఇంగ."

ఆమె కావాలనే అలా చేసిందని తర్వాత చుట్టాలు కథలా చెప్పుకున్నారు. నేను నమ్మను. నటించే ఓపిక ఆ రోజు ఆమెకు లేదు. ఇన్నేళ్లూ మా మాటలు మోయడానికి ఖర్చు చేసిన ఊపిరి అప్పటికి నిజంగానే అయిపోయింది.

ఆమెను లోపల మంచం మీద దిండ్లకు ఆనించి కూర్చోబెడదామని చూశాం. వినలేదు. ఇక్కడే ఉంటానంది. యారాలు టేబుల్ ఫ్యాన్‌కు పొడుగు వైరు తగిలించి గల్లీలోకి తెచ్చింది. ఆ గాలిలో అత్తమ్మ కూర్చుంటే, మేము కారులోకి దూరాం.

నేను కింద పడుకుని స్క్రూలు విప్పుతుంటే ఆమె టార్చ్ పట్టుకుంది.

"జరంత ఇటు" అన్నాను.

"ఇటా?"

"ఇంక కిందికి."

మేము మాట్లాడుకున్నది అదే. మూలనున్న స్క్రూ అందలేదు. ఆమె చేతులు నా చేతుల కంటే సన్నం. టార్చ్ నాకిచ్చి తాను చెయ్యి పెట్టి తిప్పింది. వైరు క్లిప్పు నొక్కి తీసింది. మోటారు ఆమె చేతుల్లోకి ఊడిపడింది, పంజరం లాంటి ప్లాస్టిక్ చక్రంతో సహా. ఆ చక్రం నిండా ఎండిన బాదం ఆకు ముక్కలు, దుమ్ము, ఎలుక తెచ్చిపెట్టుకున్న దూది. టకటకమన్నది అదన్నమాట.

మెట్ల మీద పాత పేపరు పరిచి మోటారు దాని మీద పెట్టాం. వెనక మూత విప్పితే కార్బన్లు కనిపించాయి, చిటికెన గోరంత నల్లటి ముక్కలు. ఒకటి బాగానే ఆడుతోంది. రెండోది మసి పట్టి దాని గూట్లోనే బిగుసుకుపోయింది. యారాలు సూదితో దాని చుట్టూ గీకింది. నేను సన్నటి గరుకు కాగితంతో అవి ఒరుసుకునే రాగి చుట్టును రుద్దాను, నల్లదనం పోయి ఎర్రగా మెరిసే దాకా. ఆమె పైకి వెళ్లి కుట్టుమిషన్ నూనె తెచ్చి ఇరుసు దగ్గర ఒక్క చుక్క వేసింది. వేలితో తిప్పితే చక్రం చప్పుడు లేకుండా తిరిగింది.

"అరిగింది గని, కొన్నాళ్లు నడుస్తది" అంది.

అన్నీ ఎక్కడివక్కడ బిగించి తాళం తిప్పాను. ఒక్కసారిగా గాలి ఎగదన్నింది. లోపల మిగిలిన దుమ్మంతా జాలీల్లోంచి మా ముఖాల మీదికి కొట్టింది. దగ్గుతూ తుమ్ముతూ చెరో పక్క బయటపడ్డాం. అత్తమ్మ కుర్చీలోంచి చూసి, "బూడిద గుమ్మడికాయలున్నట్టున్నరు ఇద్దరు" అంది. నవ్వితే ఆయాసమొస్తుందని ఆమె చాలా రోజులుగా నవ్వు ఆపుకుంటోంది. ఆ పూట ఆపుకోలేదు. యారాలూ నవ్వింది. నా కళ్లల్లో దుమ్ము పడిందో ఏమో, నీళ్లు కారుతూనే ఉన్నాయి.

మర్నాటి నుంచి ఆసుపత్రికి యారాలు కూడా రావడం మొదలుపెట్టింది. ఎవరూ పిలవలేదు. పొద్దున్నే తయారై వెనక సీట్లో కూర్చునేది. దారంతా మాటలు మందుల గురించీ ఫ్యాన్ గురించే. ఎక్కువ పెట్టు. చాలు. ఇటు తిప్పు. అత్తమ్మ అద్దంలోంచి వెనక్కి చూసేది, మళ్లీ నన్ను చూసేది. ఇంకేదో కావాలి ఆమెకు. ఒకరోజు నయాపూల్ మీద బండ్లు ఆగినప్పుడు, "నిన్న అక్క నీ కోసమనే పచ్చిపులుసు జేసింది, ఎరుకేనా?" అంది నాతో.

వెనక నుంచి యారాలు, "నేనెప్పుడు జేసిన?" అంది.

అత్తమ్మ దొరికిపోయిన పిల్లలా కిటికీ వైపు తిరిగింది. ఆ సాయంత్రం పై నుంచి నిజంగానే గిన్నెడు పచ్చిపులుసు వచ్చింది. గిన్నె కడిగి తిరిగి పైకి ఇచ్చాను. బాగుందని చెప్పాలనుకుని, గిన్నె గడప మీద పెట్టి వచ్చేశాను.

తొలకరి పడ్డాక ఎండ తగ్గింది గానీ ఆమెకు మాత్రం తగ్గలేదు. కాళ్లు ఉబ్బాయి. ఒక పొద్దున వానలో బయల్దేరాం. గల్లీలు చల్లగా ఉన్నాయి, రోడ్డు ఖాళీగా ఉంది. ఫ్యాన్ చక్కగా తిరుగుతోంది. మదీనా చౌరస్తా దగ్గర ఆమె, "గాలి పెంచు బిడ్డా" అంది.

"ఫుల్లు పెట్టిన అత్తమ్మా."

"వస్తలేదు."

వెనక నుంచి యారాలు సీట్ల మధ్యగా చెయ్యి చాపి జాలీ ముందు పెట్టింది. నేను అద్దంలో ఆమె ముఖం చూశాను. గాలికి ఆమె గాజులు కదులుతున్నాయి.

"వస్తుంది గదా అత్తమ్మా" అంది ఆమె. "మస్తు వస్తుంది." ఆ చెయ్యి అక్కడ నుంచి తియ్యలేదు, ఆసుపత్రి వచ్చేదాకా.

ఆ మధ్యాహ్నమే అత్తమ్మ పోయింది.

దినాలయ్యేదాకా ఇల్లు నిండా చుట్టాలు. వంటలు, పడకలు, వచ్చేవాళ్లు, పోయేవాళ్లు. ఆ హడావుడిలో నేనూ యారాలూ బాగానే మాట్లాడుకున్నాం. ఉప్పెంత వెయ్యాలి, చాపలెక్కడున్నాయి. కోడళ్లిద్దరూ ఒక్కటయ్యారని అందరూ సంతోషపడ్డారు. నేనూ అలాగే అనుకున్నాను.

చుట్టాలు వెళ్లిపోయాక తెలిసింది. పొద్దున్న మెట్ల మీద ఎదురుపడితే ఇద్దరం ఆగేవాళ్లం. కోపం లేదు. కానీ ఏం మాట్లాడాలో తెలియదు. ఆమె కొంగు సర్దుకునేది, నేను చేతిలో ఏముంటే అది చూసుకునేదాన్ని. నల్లా వచ్చిన సంగతి చెప్పడానికి కూడా నాలుక మీదికి మొదట వచ్చే మాట "అత్తమ్మా" అనే. పిలవబోయి ఖాళీ మంచం చూసి ఆగిపోయేదాన్ని. పై నుంచి ఆమె కూడా ఒకసారి, "అత్తమ్మా, చెల్లెకు..." అని కేకేసి మధ్యలోనే మానేయడం విన్నాను.

నెల తిరిగాక బావగారు అత్తమ్మ చీరలు పంచుకొమ్మన్నారు. యారాలు కిందికి వచ్చింది. మంచం మీద పెట్టె బోర్లించి కూర్చున్నాం. చాలా వరకు నూలు చీరలు, ఉతికి ఉతికి మెత్తబడినవి. పట్టుచీర ఒక్కటే ఉంది. అది నీకంటే నీకని తోసుకున్నాం. కాసేపటికి ఆమె ఒక పాత చీరను మడత విప్పి, మళ్లీ పెట్టి, మళ్లీ విప్పి, అలాగే ముఖానికి అదుముకుంది. భుజాలు కదిలాయి. నేను లేచి పక్కన కూర్చున్నాను గానీ, చెయ్యి వెయ్యాలో వద్దో తేల్చుకోలేకపోయాను.

"చెల్లె" అంది, చీరలోంచే. "ఆమె లేకుంట నీతోని ఎట్ల మాట్లాడాల్నో నాకు తెలుస్తలేదు."

"నాకు గూడ అక్కా" అన్నాను.

చీరలు మడిచాం. పట్టుచీర ఆమె కూతురి పెళ్లికని పక్కన పెట్టించాను. ఆనాడు నీళ్ల మోటారు దగ్గర అనుకున్న మాటల సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. ఇప్పటికీ ఎత్తలేదు.

ఇప్పుడు మాట్లాడుకుంటాం. సాయంత్రాలు ఆమె కిందికి వచ్చి గడప మీద కూర్చుంటుంది. కూరగాయల ధరలు, బడి సంగతులు, వాళ్ల అమ్మాయి చదువు. ఆమె అన్నది సరిగ్గా ఆమె అన్నట్టే నాకు చేరుతుంది, నేనన్నది ఆమెకూ అంతే. దానికి ఇద్దరం ఇంకా అలవాటు పడలేదు. మధ్యలో ఎక్కడో మాట తెగిపోతుంది. కాసేపు గల్లీలో వచ్చేపోయే వాళ్లను చూస్తూ కూర్చుంటాం. తర్వాత ఆమె "సరే మరి, పొయ్యి మీద పాలున్నయ్" అని లేచి పైకి వెళ్లిపోతుంది.